ముప్పై ఆరు క్వింటాళ్ల మంచు

ఓదెలు గీసుకొచ్చిన కాగితం మీద
పటాలం లెక్కన అంగుళాలున్నయి.
ఇంటి ముందర, ప్రాణహిత దిక్కు,
పన్నెండడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు,
నేలకు నాలుగడుగుల ఎత్తున చెక్క అరుగు కావాలట.
"మూడడుగుల మంచు పడ్డా ఆగాలె, కనకాచారీ" అన్నడు.

నవ్విన. నవ్వకుండ ఎట్లుంట?
సిరొంచల మే నెల మేకు పట్టుకుంటే చెయ్యి కాలుతది.
మా దిక్కు మంచంటే గడ్డికొస తడి,
లారీ లైట్ల ముందు తెల్లపొగ.
గడ్డకట్టిన మంచు నేను చూసింది ఫ్రిజ్జు గోడకే,
అది కూడా మా మరదలు చాకుతోని గీకి పారేసేది.

ఆయన నవ్వలె.
ఎడమ చేతికి మూడే వేళ్లు. టీ గ్లాసు వాటితోనే పట్టుకొని
ద్రాసుల రోడ్లేసిన పద్దెనిమిదేండ్లు చెప్పలె,
పత్తి చెప్పిండు:
"ఇయ్యాల పడ్డది ఏరిన పత్తి. ఊదితే లేస్తది.
పది రోజులదైతే జిన్నింగు మిల్లుల తొక్కిన బేలు.
దాని మీద వాన పడ్డదా, తడిసిన బేలు.
నలుగురు కూడి లేపలేరు."

అడుగు చదరానికి ముప్పై కిలోలు వేసుకొమ్మన్నడు.
రంద పట్టిన చెక్క మీదనే పెన్సిలుతో కట్టిన:
నూట ఇరవై ముప్పైలు.
ముప్పై ఆరు క్వింటాళ్లు.
ఇటుకల ట్రాక్టరు నిండా లోడు,
డ్రైవరు లేకుండ, ఆకాశం నుంచి.

ఆలపల్లి డిపో టేకు, మరాఠీల రాసిన పాసుతోని వచ్చింది.
గుంజకు గుంజకు నేను ఆరడుగులంటే నాలుగున్నర అన్నడు.
అడ్డదూలాలకు అడుగున్నర అంటే అడుగన్నడు.
గోడపట్టీకి తెచ్చిన మేకులు తీసి అవతల పెట్టిండు:
"మేకు ఊడుతది. బోల్టెయ్యి, ఆర్‌పార్."
పలకల నడుమ చింతగింజ దూరేంత సందు,
"కరిగింది కారిపోవాలె, కూసోవద్దు."

గుంతల కాడ మాత్రం నాకు తెలిసిందే చెప్పిండు.
అక్కడ నేలల నీళ్లు గడ్డకట్టి గుంజను పైకి తంతయట.
మా రేగడి కూడ అంతేనయ్యా, అన్న,
వానకు ఉబ్బుతది, ఎండకు నోరు తెరుస్తది,
మా నాయన కట్టిన కొట్టం ఏటా ఒక వేలు లేచి
ఆఖరికి ఒంటె లెక్క నిలబడ్డది.
మొరం తగిలేదాక తవ్వినం. ఐదున్నర.
ఆ ఒక్క దినం మేమిద్దరం ఒకే నేల మేస్త్రీలం.

గుంత అడుగున నిలబడి, నా మొఖం చూడకుండ:
"వాన చెప్పి వస్తది. మంచు చప్పుడు చెయ్యదు.
నిద్రల ఉంటే, కప్పు మీదికి
ఒక్కొక్కరే వచ్చి కూసుంటున్నట్టు.
పొద్దుగాల మా బ్యారక్ వరండా నేల మీదున్నది.
కింద ఇద్దరు. ఒకనిది కోరాపుట్ దిక్కు.
దూలాల లెక్క చూసింది నేనే."

గడ్డపార అందిచ్చిన.
ఇంకేం అందియ్యాలెనో తెల్వలె.

ఖర్చు రెండింతలయింది. ఊళ్లె నవ్విన్రు.
"ఏనుగును కడతవా ఓదెలూ" అన్నది చేపల లచ్చుబాయి.
పక్కింటోళ్లు మిర్చి ఎండబోసుకున్నరు.

ఆ అరుగు కిర్రుమనదు. అదే నాకు రోషం.
నేను చేసిన ప్రతి మంచం, ప్రతి తలుపు కొంత మాట్లాడుతది,
మనిషి కూసుంటే "ఆఁ" అంటది.
ఇది, పెండ్లివాళ్లు యాభై మంది ఎక్కినా నోరు మెదపలె.

పుష్యంల ఒకనాడు, తెల్లారకముందు, ఆ తోవల పోతుంటే
చెక్కపారతోని ఆయన అరుగు తోడుతున్నడు.
దాని మీద కొంత తడి, నాలుగు టేకాకులు.
గోడ కాడి నుంచి అంచు దాక, వరుస తప్పకుండ.
పారబోసిన చోట కుప్ప లేదు.
పిలువలె.

ఇప్పుడు వాన పడే రాత్రి హాయిగ పంట.
ఏ చప్పుడూ లేని రాత్రి మెలకువొస్తది.
లేచి, లైటెయ్యకుండ,
మా ఇంటి దూలం కింద అరచెయ్యి ఆనిస్త.